నల్లా దగ్గర నవల

డెబ్బై మూడు వేసవిలో ఒక బుధవారం పొద్దున, గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో అనసూర్య రెండు పనులు అనుకుంది. భర్త సదయ్యకు టిఫిన్ కట్టడం, నీళ్లు పట్టుకుంటూ నవల మొదలుపెట్టడం. వారపత్రికలో కొత్త నవలాకారులకు సలహాలు వేశారు. 'చుట్టూ ఉన్నవాళ్ల మాటలు ఎప్పటికప్పుడు రాసుకోండి' అన్నది మొదటిది. 'పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకండి, చెబితే ఊపు పోతుంది' అన్నది రెండోది. పెళ్లయిన పదేళ్లలో తనకంటూ ఆమె కోరుకున్నది ఈ నవల ఒక్కటే.

నల్లా దగ్గర వరసలో బిందె పెట్టి నోటుబుక్కు తీసింది. పక్కింటి సమ్మవ్వ అప్పటికే కబుర్లు అందుకుంది.

"మా మరిది పోశం వచ్చి ఆరు నెలలాయె. బొగ్గు బాయి నౌకరికి పేరు రాయించిండు. పిలుపొచ్చేదాక మా ఇంట్లనేనట."

అనసూర్య అక్షరం పోకుండా రాసుకుంది. సమ్మవ్వ నోరు టక్కున ఆగింది.

"ఏం రాస్తున్నవ్ చెల్లె?"

"ఏం లేదక్క, ఊకెనే."

ఊకెనే అంటే ఎవరు నమ్ముతారు? సదయ్య క్వార్టర్ల ఆఫీసులో గుమాస్తా. క్వార్టరులో గనిలో పనిచేసేవాడూ, వాడి పెళ్లాం పిల్లలే ఉండాలని రూలు. ఆ లైనులో రూలు ప్రకారం ఉన్న ఇల్లు సదయ్యది ఒక్కటే.

పన్నెండింటికల్లా పోశం పరుపుచుట్టతో పెద్దపల్లి బస్సెక్కాడు. ఎదురింటి జన్నత్ బీ తన అక్క కొడుకులిద్దరినీ కమాన్‌పూర్ తోలింది. మర్నాడు నల్లా దగ్గర ఎండల గురించి తప్ప ఎవరూ మాట్లాడలేదు. దిక్కుతోచక అనసూర్య మూడో సలహా పట్టుకుంది: 'పాత్రల పేర్లు, వయసు, బంధుత్వం పట్టికగా వేసుకోండి.' గడప మీద కూర్చుని వేస్తుంటే, మంచి చేసుకుందామని సేమ్యా గిన్నెతో వచ్చిన జన్నత్ బీ కంట ఆ పట్టిక పడింది. నాలుగో తరగతి చదువు ఆమెకు ఆ రోజు పనికొచ్చింది. 'పోశం, ఇరవై రెండు, సమ్మవ్వ మరిది, ఆరు నెలలు.'

సాయంత్రం సదయ్య చొక్కా విప్పకముందే గుమ్మం నిండింది.

"అన్నా, పోశంను ఊరికి తోలిన. గిప్పుడు పిలుపొస్తే నౌకరి పాయె! ఆ కాయితం పైకి పంపకు, నీ కాళ్లు మొక్కుత" అంది సమ్మవ్వ.

"మా పిల్లలు నాష్తా తిని పోతందుకే వచ్చిండ్రు భయ్యా" అంది జన్నత్ బీ.

"ఎన్నడు?" ఆఫీసు అలవాటు కొద్దీ అడిగాడు సదయ్య.

"పోయిన రంజాన్‌కు."

సదయ్య చెవులు మూసుకున్నాడు. "ఇవన్ని నాకెందుకు చెప్తున్నరమ్మా? విన్నంక ఊకుంటే నా నౌకరి పోతది!"

"మరి నీ పెండ్లాం రాసింది గద!" అంది సమ్మవ్వ.

అందరూ అనసూర్య వైపు తిరిగారు. చెబితే నవల ఊపు పోతుంది. చెప్పకపోతే పోశం నౌకరీ పోతుంది. ఆమె కళ్లు మూసుకుంది.

"ఆఫీసుకు కాదు. నేను నవల రాస్తున్న."

"నువ్వా?" అన్నాడు సదయ్య. అందరూ నవ్వుతారని ఆమె తల దించుకుంది. సమ్మవ్వ గడప మీద చతికిలబడింది.

"ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోయింది? సరె, మా పోశంను మాత్రం అండ్లకెల్లి తియ్యకు. పుస్తకంల ఉంటే ఏ ఆఫీసరడుగుతడు?"

"మావోళ్లను జర మంచిగ రాయి. పెద్దోనికి సంబంధాలు చూస్తున్నం" అంది జన్నత్ బీ.

తానేమీ వినలేదని సదయ్య మూడుసార్లు ప్రకటించాడు. కబురందగానే పోశం మొదటి బస్సుకే దిగాడు. నల్లా దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కదల్లేదు. అందరూ తమ చుట్టాలను చెప్పి రాయిస్తున్నారు. రెండో అధ్యాయానికే అనసూర్య నవలలో ముప్పై ఎనిమిది మంది చేరారు. వాళ్లలో ఒక్కరిని ఖాళీ చేయించే అధికారం కూడా ఆమెకు లేకపోయింది.