రాష్ట్ర ఉత్తమ గొంతు

ఇకమీదట రాష్ట్రంలో ఎవరి గొంతుతో వాళ్లే రాయాలని, యంత్రం గొంతుతో రాసిన ఏ కాగితాన్నీ ప్రభుత్వం ముట్టుకోదని గౌరవ మంత్రి ఉదయ్ భాస్కర్ గారు ఖమ్మంలో ప్రకటించారు. ప్రకటన చాలా బాగుంది. పదకొండు పేజీలుంది. చదవడానికి మంత్రిగారికి నలభై నిమిషాలు పట్టింది. అందులో ఉన్న మాటలు ఆయనకూ అప్పుడే పరిచయమవుతున్నాయి మరి.

ఇంత గొప్ప నిర్ణయం ఊరికే రాలేదు. దాని వెనుక ఒక చావు ఉంది. మధిర వైపు పార్టీ పెద్దమనిషి ఒకాయన పోతే, సంతాప సభలో మంత్రిగారు జేబులోంచి కాగితం తీసి బొంగురు గొంతుతో చదివారు. "ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిది" అన్న చోట జనం కళ్లు తుడుచుకున్నారు. మంత్రిగారు అదే ఊపులో అడుగున ఉన్న చివరి లైను కూడా చదివేశారు. "మీరు కోరితే దీన్ని మరింత బాధగా మార్చి ఇవ్వగలను." పోయినాయన కొడుకు లేచి నిలబడి, "వద్దు సార్, ఇది చాలు" అని దండం పెట్టాడు.

ఇంకొకరైతే సిగ్గుపడి ఊరుకునేవారు. ఉదయ్ భాస్కర్ గారు ఊరుకునే మనిషి కాదు. తనకు జరిగింది రాష్ట్రంలో మరెవరికీ జరగకూడదని పట్టుబట్టి, పది రోజుల్లో 'సొంత గొంతు మిషన్' పెట్టించారు.

ఈ వార్త పేపర్లో చదివి అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు బిక్షపతి. ఆయన బొగ్గుబాయిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక మండలాఫీసు ముందు, రేకుల పందిరి కింద బల్ల వేసుకుని అర్జీలు రాస్తాడు. "మహారాజశ్రీ తహసీల్దారు గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి "తమరి దయకై ఎదురుచూచు" అని ముగిస్తాడు. మధ్యలో పింఛనైతే పింఛను, బోరైతే బోరు. ఫోన్లే అర్జీలు రాసివ్వడం మొదలుపెట్టాక ఆయన బల్ల ముందు జనం పలచబడ్డారు.

"ఇగ చూడు, మనిషి రాతకు మళ్ల రోజులొచ్చినయ్" అని పక్క జిరాక్స్ షాపు వాడికి పేపరు చూపించాడు.

సోమవారం ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి మొదట వచ్చింది భద్రమ్మ. ఎలుగులవాగు అవతల నలభై గడపల వెదురుగూడెం ఆమెది. వాగు మీద వంతెన కావాలని తొమ్మిదేళ్లుగా ఏడాదికో అర్జీ పెడుతోంది. తొమ్మిదీ బిక్షపతే రాశాడు. ఈసారి ఆమెకు తొందరగా ఉంది. కోడలు తిరుమలకు ఐదో నెల. శ్రావణంలో, వాగు నిండుగా ఉన్నప్పుడు నొప్పులొస్తాయి.

బిక్షపతి ఎప్పటిలాగే దివ్యసముఖమునకు రాసి లోపలికి తీసుకుపోయాడు. జూనియర్ అసిస్టెంటు సంపత్ దాన్ని, రాత ఎవరిదో పసిగట్టే కొత్త మెషీన్లో పెట్టి తెర వైపు చూశాడు.

"కాకా, తొంభై రెండు శాతం యంత్రం రాసిందంటున్నది."

"ఏంది సారూ! నా చేత్తో రాసిన. ఇగో, వేలికి సిరా గూడ ఆరలే."

"చెయ్యి నీదే కాకా. గొంతు నీది కాదంట. 'దయతో పరిశీలించగలరని ప్రార్థన' అనేది అందరి అర్జీలల్ల ఉన్నది."

"మా నాయన కాలం నుంచి అందరం గిట్లనే రాస్తున్నం గదా!"

"అందుకే యంత్రం గూడ గట్లనే నేర్చుకున్నది. ఇప్పుడు మీరు దాన్ని కాపీ కొట్టినట్టు లెక్క."

దానికి దారి కూడా ప్రభుత్వమే చూపించింది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ లాగా ఇకపై సొంత గొంతు సర్టిఫికెట్ ఉంటుంది. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు, ఆ గొంతు దరఖాస్తుదారుడిదేనని ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ తర్వాత గొంతు రెన్యువల్ చేయించుకోవాలి. అన్నిటికన్నా ముందు ఒకరోజు శిక్షణ తప్పనిసరి.

శిక్షణ రైతు వేదిక హాల్లో పెట్టారు. మిషన్ కన్సల్టెంటు లిఖిత గారు హైదరాబాద్ నుంచి వచ్చారు. చదువుకున్న పిల్ల, నవ్వుముఖం, ఎవరినీ కసురుకోదు. మైకు తీసుకుని, "మీలో ప్రతి ఒక్కరికీ మరెవరికీ లేని గొంతు ఉంది. అందరూ నా తర్వాత చెప్పండి" అంది. అరవై నాలుగు మంది ఒక్కసారే, "మాలో ప్రతి ఒక్కరికీ మరెవరికీ లేని గొంతు ఉంది" అన్నారు. హాలు మారుమోగింది.

తర్వాత ప్రొఫార్మా పంచారు. మొదటి పేరాలో తొలకరికి లేచే మట్టి వాసన రావాలి. రెండో పేరాలో అమ్మ చేతులు రావాలి. మూడో పేరాలో గుండెకు తగిలే చిన్న వాక్యం ఒక్కటి ఉంటే చాలు. సాయంత్రానికి అరవై నాలుగు సొంత గొంతులు తయారయ్యాయి. కరెంటు స్తంభం ఒరిగిందని ఫిర్యాదు తెచ్చిన చందూలాల్ కూడా స్తంభం దగ్గర మట్టి వాసన వేయించి, అమ్మ చేతులతో దాన్ని నిమిరించి, చివర "అది ఇంకా ఒరిగే ఉంది" అని రాశాడు. లిఖిత గారి కళ్లు చెమర్చాయి. మెషీన్ మాత్రం అందరికీ తొంభై ఏడు శాతం యంత్రం రాతేనని వేసింది.

"అన్నా, మా అమ్మ చేతులకూ వంతెనకూ ఏం సంబంధమే?" అని భద్రమ్మ బయటికొచ్చి అడిగింది.

బిక్షపతి ఆమెను తన పందిరి కిందికి తీసుకొచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని, ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. పెన్ను మూసి పక్కన పెట్టి, "నువ్వు చెప్పక్కా, నేను వింట" అన్నాడు.

ఆమె మొదటిసారి ఆఫీసర్లకు చెప్పినట్టు చెప్పింది. అయ్యా, మారాజా, మీ కాళ్లు మొక్కుత. "ఇంకోసారి చెప్పు" అన్నాడు. రెండోసారి కోపం వచ్చి సర్పంచి నుంచి పైదాకా వరసపెట్టి తిట్టింది. "ఇంకొక్కసారి చెప్పు అక్కా." మూడోసారికి ఆమెకు ఓపిక లేదు. పక్కింటామెతో చెప్పుకున్నట్టు మెల్లగా చెప్పింది. బిక్షపతి పెన్ను తెరిచి, ఒక్క మాటా కలపకుండా, ఒక్క మాటా తీసేయకుండా రాశాడు.

"సార్, నేను వెదురుగూడెం భద్రమ్మను. వాగు మాకు కొత్త కాదు. దాని మీద నాకు కోపం గూడ లేదు. వాన వస్తే వస్తది, వాన పోతే పోతది, మాట తప్పదు. మూడేండ్ల కింద నా బిడ్డను కాన్పుకని మంచం మీద ఒడ్డుకు తెచ్చినం. నీళ్లు తగ్గేదాకా కూసున్నం. నీళ్లు తగ్గినయ్. అప్పటికి దవాఖానాతోని పని లేకపోయింది. ఇప్పుడు నా కోడలికి ఐదో నెల. ఈ కాయితం రాసేనాటికి వాగుల నీళ్లు పాదాలు మునిగేంత ఉన్నయ్. మీరు చదివేనాటికి ఎంతుంటయో నాకు తెల్వదు."

సంపత్ దాన్ని మెషీన్లో పెట్టి, తెర చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సున్నా, కాకా! యంత్రం సున్నా!"

ఆ సాయంత్రం బిక్షపతి టీ కొట్టు దగ్గర నకలు తీసి నలుగురికీ చదివి వినిపించాడు. తన జన్మలో ఇంత మంచి అర్జీ రాయలేదని ఆయనకే తెలుసు. గర్వం కలిగింది, దాచుకోలేదు కూడా.

అర్జీ కలెక్టరేటుకు పోయింది, అక్కడి నుంచి మిషన్ ఆఫీసుకు, అక్కడి నుంచి మంత్రిగారి దగ్గరకు పోయింది. మంత్రిగారు చదివి ఏడ్చారు. కెమెరామన్ రావడం ఆలస్యమైతే ఓపికగా మళ్లీ ఏడ్చారు. నెల తిరక్కుండా ఖమ్మంలో సభ పెట్టి భద్రమ్మకు 'రాష్ట్ర ఉత్తమ గొంతు' పురస్కారం, శాలువా, మెమెంటో ఇచ్చారు. బిక్షపతికి కూడా ఒక శాలువా దక్కింది. అర్జీని అద్దాల ఫ్రేములో బిగించి వేదిక మీద పెట్టారు. దాని మీద ఆఫీసు ముద్ర వేయడానికి ఇక వీల్లేదు, అద్దం అడ్డం.

భద్రమ్మను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆమెకు రెండే సరిపోయాయి.

"సార్, వంతెన?"

మంత్రిగారు చాలా ఆప్యాయంగా ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "అమ్మా, వంతెన ఎంతసేపు? ఒక్క సంతకం. కానీ ఆలోచించు. ఇంత గొప్ప గొంతు నీకు ఎక్కడిది? ఆ వాగు ఇచ్చింది. రేపు వంతెన కడితే అందరిలాగే నడిచిపోతావు, అందరిలాగే మాట్లాడతావు. అప్పుడీ రాష్ట్రం గొంతు ఏం కావాలి?"

చప్పట్లు ఆగలేదు. బిక్షపతి చేతులు కూడా రెండుసార్లు కొట్టుకున్నాక, ఏం విన్నాడో అర్థమై ఆగిపోయాయి.

వారంలో జీవో వచ్చింది. ఎలుగులవాగు 'స్వర వారసత్వ ప్రాంతం'. ఎగువకు ఐదు, దిగువకు ఐదు కిలోమీటర్ల దాకా వంతెనలు నిషేధం. భద్రమ్మ అర్జీ ఎంతదాకా వచ్చిందని కంప్యూటర్లో చూస్తే 'పరిష్కరించబడింది' అని పచ్చ రంగులో కనిపించింది.

"మంచిగ రాసి నీ కొంప ముంచిన అక్కా" అన్నాడు బిక్షపతి.

"నువ్వేం రాసినవ్ అన్నా? నేను చెప్పిందే గదా" అంది భద్రమ్మ. ఆమె ఓదార్చడానికే అంది గాని, ఆయనకు ఇంకా ఎక్కువ బాధేసింది.

జీవో వచ్చాక వాగును చూడటానికి కార్లలో జనం రావడం మొదలైంది. వాళ్ల కోసం ప్రభుత్వం పంతొమ్మిది రోజుల్లో, కాంక్రీటు స్తంభాలతో, స్టీలు రెయిలింగుతో ఒక వీక్షణ వేదిక కట్టింది. అది ఇవతలి ఒడ్డున మొదలై సరిగ్గా వాగు నడుమ ఆగిపోతుంది. అక్కడ నిలబడితేనే వాగు గొంతు బాగా వినిపిస్తుందని కమిటీ తేల్చింది.

"సారూ, ఇంకో నలభై అడుగులు ముందుకు పోనిస్తే అవతలి ఒడ్డు తగులుతది గదా" అని బిక్షపతి ఇంజినీరును బతిమాలాడు.

"తగిలితే అది వంతెన అయితది పెద్దాయనా. వంతెన నిషేధం. జీవో చూడలేదా?" అన్నాడు ఇంజినీరు.

శ్రావణం వచ్చింది. మూడు రోజుల ముసురు తర్వాత ఒక పొద్దున భద్రమ్మ దగ్గర్నుంచి ఫోను. తిరుమలకు నొప్పులు. బిక్షపతి 108కి చెప్పి, దాంతో పాటే తానూ ఎలుగులవాగుకు చేరాడు. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. నలుగురు తిరుమలను పడుకోబెట్టిన మంచాన్ని భుజాలకెత్తుకుని అవతలి నుంచి దిగారు, వెనకే భద్రమ్మ. వేదిక అంచు దాకా వస్తే చాలు, మంచాన్ని పైకి అందిస్తే వేదిక మీదుగా ఒడ్డున ఉన్న అంబులెన్సు దాకా నడిచిపోవచ్చు.

వేదిక అంచున మంత్రిగారు నిలబడి ఉన్నారు. పట్టు కండువా, ఎదురుగా కెమెరా, కెమెరా పక్కన మాటలు కదిలే తెర. జాతీయ స్థాయి సదస్సుకు మన రాష్ట్రం తరఫున వీడియో తీస్తున్నారు. "ఈ వాగు చెప్పేది మనం ఆగి వినాలి" అని చదువుతున్నారు.

మంచం అంచు దాకా వచ్చేసరికి తిరుమల గట్టిగా అరిచింది.

లిఖిత గారు కంగారుగా అరచెయ్యి చూపించింది. "ప్లీజ్, ఒక్క రెండు నిమిషాలు! సార్ గొంతు మీద గొంతు పడుతోంది."

"మేడమ్, కాన్పు! పైకి అందుకోండి!" అని బిక్షపతి ఒడ్డు మీది నుంచి కేకేశాడు.

"అర్థమైంది సార్, ఇది లాస్ట్ టేక్."

మంత్రిగారు మళ్లీ చదివారు. 'వినాలి' అన్న చోట తడబడి, ఇంకోసారి అన్నారు. మంచం మోసేవాళ్ల గడ్డాల దాకా అలలు కొట్టాయి. ముందున్న వాడి కాలు జారి మంచం ఒక పక్కకు ఒరిగితే, భద్రమ్మ రెండు చేతులతో ఎత్తిపట్టింది. "వీళ్లతోని కాదు, పక్క నుంచి పోనియ్యుండ్రి!" అంది. చెప్పులు విడవకుండానే బిక్షపతి నీళ్లలోకి దిగాడు. వేదిక స్తంభాలు పట్టుకుంటూ, ఒక్కో అడుగూ తడుముకుంటూ, ఆరుగురూ మంచాన్ని ఒడ్డుకు చేర్చారు. భద్రమ్మ కూడా ఎక్కాక అంబులెన్సు తలుపులు పడ్డాయి. అది కూత పెట్టుకుంటూ దవాఖానా దారి పట్టింది. లోపల తిరుమల, కడుపులో బిడ్డ ఎట్లా ఉన్నారో ఒడ్డున ఉన్నవాళ్లెవరికీ తెలియదు.

బిక్షపతి బట్టలు కారుతుండగా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. సౌండు మనిషి చెవుల మీది డిప్పలు తీశాడు.

"మేడమ్, అన్ని టేకుల్లో వెనకాల ఎవరో ఆడమనిషి గొంతు పడింది."

"పర్లేదు, తీసేయొచ్చు. దానికి సాఫ్ట్‌వేర్ ఉంది" అంది లిఖిత.

మంత్రిగారు డిప్పలు తన చెవులకు పెట్టించుకుని, కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"అవును, ఆ ఒక్కటీ తీసేయండి" అన్నారు. "మిగతాదంతా నా గొంతే కదా?"