వెబ్‌లో రానిది ఉత్తర్వు కాదు

ప్రచురణల శాఖ మంత్రిగారు ఆ రోజు పదకొండు మైకుల ముందు చేసిన ప్రకటన చారిత్రాత్మకమైనదని ఆయనే అన్నారు. చారిత్రకమైనదని నేను దిద్దాను. అంతకుమించి అందులో దిద్దాల్సింది ఏమీ కనబడలేదు.

"వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన శాఖ ఉత్తర్వులన్నీ ఎక్స్‌ఎమ్మెల్‌లో వస్తాయి. కాగితం బంద్. వెబ్‌లో వచ్చిందే ఉత్తర్వు. వెబ్‌లో రానిది ఉత్తర్వు కాదు!"

"ఎక్స్‌ఎమ్మెల్ అంటే ఏంటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"మీ చొక్కా సైజెంత?"

"ఎక్స్‌ఎల్ సార్."

"అది మీ ఒక్కరికే సరిపోతుంది. మేం మధ్యలో ఎమ్ పెట్టాం. ఇప్పుడు ప్రజలందరికీ సరిపోతుంది."

విలేకరులందరూ తలలు వంచి రాసుకున్నారు.

నేను ఆ శాఖలో పంతొమ్మిదేళ్లుగా ప్రూఫు గుమాస్తాను. ప్రభుత్వం చేసే తప్పుల్లో అక్షర దోషాలు మాత్రమే నా పరిధిలోకి వస్తాయి. నా బల్ల సర్వర్ గదికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆ తర్వాత జరిగిన మహత్కార్యాన్ని మొదటి నుంచీ చూసే భాగ్యం కలిగింది.

మా ఆఫీసులో కంప్యూటర్ల సంగతి తెలిసిన మనిషి ఒక్కరే. ఆవిడని అందరూ సిస్టమ్స్ మేడం అంటారు. భర్త, నాలుగేళ్ల కూతురు బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ఉంటారు. ఆ ఊరికి బదిలీ చెయ్యమని మేడం మూడేళ్లు తిరిగితే, చివరికి ముప్పయ్యో తారీఖు సాయంత్రం కాగితం మీద సంతకమైంది. ఒకటో తారీఖు పొద్దున కాగితం బంద్ అయింది. దాంతో ఆ బదిలీ కాగితం ఉత్తర్వు కాకుండా పోయింది.

ఎక్స్‌ఎమ్మెల్‌లో రాసిన ఉత్తర్వు వెబ్‌లో కనబడాలంటే సర్వర్‌లో మాడ్యూలు అనే చిన్న ప్రోగ్రాము ఉండాలి. కాబట్టి ఆ మాడ్యూలు పెట్టాలని మంత్రిగారి తర్వాత అంత గట్టిగా కోరుకున్న మనిషి మేడమే. ఒకటో తారీఖునే డైరెక్టరు గారి గదికి వెళ్లింది. ప్రూఫుల కట్టతో నేనూ అక్కడే నిలబడి ఉన్నాను.

"మాడ్యూలు దించుకోవాలి సార్. సర్వర్‌లో పెట్టాలి. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క లైను చేర్చాలి. రీస్టార్ట్ చెయ్యాలి. పదకొండు నిమిషాల పని."

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "పదకొండు నిమిషాలా? మరి సంఘం ఏం చేస్తుందమ్మా?"

"ఏ సంఘం సార్?"

"వెయ్యబోయే సంఘం." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అసలు ఇదేం చేస్తుంది?"

"ఉత్తర్వు ఒక్కసారి రాసి పెడితే చాలు సార్. కంప్యూటర్లో చూసేవాళ్లకి ఒకలా, ఫోన్లో చూసేవాళ్లకి ఒకలా, ప్రింటు తీసుకునేవాళ్లకి ఒకలా అదే ముస్తాబు చేసి పంపుతుంది."

"ఒకే ఉత్తర్వు, ముగ్గురికి మూడు రకాలు. అది మనం ఎప్పట్నుంచో చేస్తున్నదే కదా!"

మూడు రోజుల్లో మాడ్యూలు స్థాపన పర్యవేక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు మంత్రిగారి పార్టీ మనిషి. చేతికిచ్చిన మైకు తిరిగి ఇచ్చిన దాఖలా లేదు కాబట్టి ఆయన్ని మైకు అనే పిలుస్తారు. సాంకేతిక పరిజ్ఞానం ఆయనకు కొత్త కాదు. పార్టీ ఆఫీసులో ఏసీ రిమోట్ ఆయన దగ్గరే ఉంటుంది.

కాన్ఫిగరేషన్ ఫైలు అని వినగానే డైరెక్టరు గారు దాన్ని అట్ట వేసి, దారం కట్టి, పేజీలకు నంబర్లు వేసి పంపమన్నారు. నాలుగు వందల పన్నెండు లైన్లు. మేడం ప్రింటు తీసింది. నేను దారం కట్టాను.

"ఏమ్మా, సగం లైన్లకి ముందు ఈ గళ్ల గుర్తేంటి?" అన్నాడు మైకు.

"అవి కామెంట్లు సార్."

"ప్రభుత్వ ఫైలు మీద కామెంట్లా? ఎవరు చేశారు?"

"ఈ సర్వర్ తయారుచేసినవాళ్లు సార్. ఎక్కడెక్కడో ఉంటారు."

"అంటే అజ్ఞాతంలో ఉన్నారన్నమాట. డైరెక్టరు గారూ, సంజాయిషీ అడగండి."

సంజాయిషీ అడుగుతూ మెమో తయారైంది. నేనే ప్రూఫు చూశాను. అయితే వెబ్‌లో రానిది చెల్లదు కాబట్టి దాన్ని పంపడం కుదరలేదు.

తర్వాతి సమావేశంలో ఎర్రర్ లాగ్ దగ్గర ఆగారు.

"ఇదేంటి?"

"తప్పులు జరిగితే ఇందులో నమోదవుతాయి సార్."

మైకు లేచి నిలబడ్డాడు. "మన తప్పులు మనమే రాసిపెట్టుకుంటే రేపు ప్రతిపక్షానికి పనేం ఉంటుంది? పేరు మార్చండి. ఒప్పుల చిట్టా అని పెట్టండి."

ఆరో సమావేశంలో, ఎక్స్‌ఎమ్మెల్‌లో తెరిచిన ప్రతి ట్యాగునూ, అంటే మొదలుపెట్టిన ప్రతి గుర్తునూ, తప్పకుండా మూసెయ్యాలని మేడం వివరించింది. మంత్రిగారు ప్రారంభించినవి చాలా ఉన్నాయి. ముగించినవి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ నిబంధనను పరిశీలనలో ఉంచారు.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల్లో మా శాఖ నుంచి ఒక్క ఉత్తర్వూ వెలువడలేదు. ప్రజల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఇది ఈ మాడ్యూలు సాధించిన తొలి విజయమని మంత్రిగారు సభలో చెప్పారు.

రీస్టార్ట్ విషయం తేల్చడానికి మంత్రిగారే స్వయంగా సర్వర్ గదికి వచ్చారు.

"రీస్టార్ట్ అంటే ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి సార్" అంది మేడం.

"నా హయాంలో ఆపడమా? ఆపకుండా మొదలుపెట్టు."

"అదీ ఉంది సార్. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ అంటారు. నడుస్తున్న పనులకి అడ్డం రాకుండా మర్యాదగా మొదలవుతుంది."

"చూశారా!" మంత్రిగారు పొంగిపోయారు. "మర్యాద అనేది మిషన్‌కి కూడా తెలుసు. మనుషులకే లేదు." పక్కనున్న ఫొటోగ్రాఫరు సర్వర్‌కి నమస్కారం పెట్టమని కోరాడు. మంత్రిగారు పెట్టారు.

ఇక అడ్డం ఏమీ లేదనుకున్నాం. మేడం మళ్లీ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లింది.

"తొందరపడొద్దమ్మా. మాడ్యూలు పెట్టగానే నీ బదిలీ వస్తుంది. నువ్వు వెళ్లిపోతే మాడ్యూలు ఎవరు చూస్తారు? నీ చోటికి ఇంకొకళ్లు వచ్చాక పెడదాం."

"వాళ్లు రావాలంటే ఉత్తర్వు రావాలి కదా సార్?"

"అవును."

"ఉత్తర్వు రావాలంటే మాడ్యూలు ఉండాలి కదా?"

"అందుకేనమ్మా తొందరపడొద్దంటున్నా."

ఆ మధ్యాహ్నం మేడం ఫోన్లో కూతురితో మాట్లాడింది. పిల్ల గొంతు నా బల్ల దాకా వినబడింది. "అమ్మా, మాడ్యూలు ఇంకా నిద్ర లేవలేదా?" మేడం నవ్వింది. ఫోను పెట్టేశాక మర్నాటి సమావేశం ఎజెండా తీసి చూసుకుంది.

మర్నాడు పదమూడో సమావేశం. టీ విరామానికి సంఘం మొత్తం కిందికి దిగింది. టీ విరామం ముప్పావు గంట. మేడం సర్వర్ గదిలోకి వెళ్లింది. తలుపు మూయలేదు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆవిడ లెక్క తప్పింది. తొమ్మిది నిమిషాలే పట్టింది.

"బాబాయ్ గారూ, ఒకసారి ఇలా వచ్చి చూడండి. తప్పులేమైనా ఉన్నాయా?"

తెర మీద ఆవిడ బదిలీ ఉత్తర్వు ఉంది. ఊరి పేరులో ఒక దీర్ఘం ఎక్కువైంది. తీసెయ్యమన్నాను. తీసేసి, ఉత్తర్వును వెబ్‌లో పెట్టింది.

డైరెక్టరు గారు టీ తాగి పైకి వచ్చేసరికి మేడం రిలీవింగ్ కాగితంతో ఎదురుపడింది. ఆయన ముందు తెరను చూశారు. తర్వాత గోడ మీద మంత్రిగారి ఫొటో కింద రాసి ఉన్న వాక్యాన్ని చూశారు. వెబ్‌లో వచ్చిందే ఉత్తర్వు. సంతకం పెట్టారు.

బాధ్యతలు ఎవరికైనా అప్పగించాలి. దగ్గర్లో ఉన్నది నేనే.

"నాకెందుకమ్మా? నేను అచ్చుతప్పులు చూసుకునేవాణ్ణి."

"దిద్దడం వచ్చిన చేతికి ఇదెంత బాబాయ్ గారూ? మూడే మెట్లు. రాయండి, ఈ ఫోల్డర్లో పెట్టండి, ఇది నొక్కండి." నా చేత రెండుసార్లు చేయించింది. రెండు గంటల బస్సుకి వెళ్లిపోయింది. ఇప్పుడు పిల్లని బడికి తనే దింపుతోందట.

వారానికి ప్రారంభోత్సవం జరిగింది. మంత్రిగారు చప్పట్ల మధ్య ఎర్ర బటన్ నొక్కారు. దాని వైరు ప్యూనును పిలిచే గంటకు ఉంది. గంట మోగింది, ప్యూను వచ్చాడు, నేను పేజీ తెరిచాను. పెద్ద తెర మీద మంత్రిగారి ఫొటో, దాని కింద శాఖ మొత్తానికీ ఒకే ఒక్క ఉత్తర్వు కనబడ్డాయి.

"ఈ మాడ్యూలు తొలి ఫలం ఒక తల్లికి అందింది!" అని మంత్రిగారు గద్గద స్వరంతో అన్నారు. మైకు కళ్లు తుడుచుకున్నాడు. మిగతా ఉత్తర్వులేవని అడగాలని ఎవరికీ తోచలేదు.

నాలుగు రోజుల తర్వాత మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. కొత్త మంత్రిగారు నియామకం కాగితం పట్టుకుని వచ్చారు. పాత మంత్రిగారు కుర్చీలోంచి లేవలేదు.

"కాగితం ఎవరిక్కావాలండీ? వెబ్‌లో ఉందా?"

"లేదు."

"అయితే మీరు మంత్రి కాదు. నేను మాజీ కాదు."

కొత్తాయన డైరెక్టరు గారి వైపు చూశారు. డైరెక్టరు గారు నా వైపు చూశారు.

కొత్త మంత్రిగారు నన్ను వరండాలోకి తీసుకెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. "పెట్టెయ్యండి. మిమ్మల్ని సూపరింటెండెంట్‌ని చేస్తా."

ఆయన వెళ్లగానే పాత మంత్రిగారు రెండో భుజం మీద చెయ్యి వేశారు. "పెట్టకండి. డిప్యూటీ డైరెక్టర్ని చేస్తా."

పంతొమ్మిదేళ్లలో నన్ను ఏదో ఒకటి చేస్తానని అన్నవాళ్లు లేరు. నేను ఇద్దరికీ నమస్కారం పెట్టి సర్వర్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

మర్నాడు పొద్దున పదింటికి వెబ్‌లో రెండో ఉత్తర్వు వచ్చింది. నాలుగే వాక్యాలు. అక్షర దోషం ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ పెద్దమనుషులిద్దరూ వరండాలో బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇందాక డైరెక్టరు గారు మంత్రి గది తలుపు కొద్దిగా తీసి, తల మాత్రం లోపలికి పెట్టి నన్ను అడిగారు.

"ఇద్దర్నీ కలిపి పంపమంటారా సార్, ఒక్కొక్కళ్లనీ పంపమంటారా?"