ప్రెస్సులో పెట్టిన బొంత

బైండింగు మాస్టారికి ఈ లోకంలో అతకనిదంటూ లేదని గట్టి నమ్మకం. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం వృత్తి, విరిగిన ప్రతిదానికీ బంక పూసి చూడడం సరదా. ఒకసారి కళ్లజోడు అతికించుకుని, ఆరకముందే పెట్టుకున్నారు. అది రెండు రోజులు ముక్కు వదల్లేదు. అప్పటినుంచి వీధిలోవాళ్లు ఆయన్ని బంక మాస్టారు అంటున్నారు. ఆయన దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నారు.

అంతటి మనిషికీ రెండు సంగతులు అంతుపట్టలేదు. మొదటిది, గిన్నెలో బంక తరిగిపోవడం. మైదా ఉడికించి, చల్లారాక పురుగు పట్టకుండా మైలుతుత్తం విషం కలపడం ఆయన పద్ధతి. ఏ రెండు నెలలకో ఒకసారి, సరిగ్గా ఆ చల్లారే వేళకే, గరిటెడు బంక మాయమయ్యేది. ఎలుకలనుకుని బోను పెట్టారు. బోనులో ఆయన వేలే పడింది.

రెండోది, భార్య కుట్టే బొంతలు. పైన రంగు ముక్కల గుడ్డ, మధ్యలో దూది, అడుగున మెత్తటి బట్ట. మూడూ జారిపోకుండా ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి, అసలు కుట్టు అయ్యాక వాటిని పీకేయాలి. కచ్చా కుట్ల రోజున ఆవిడ గది తలుపేసుకునేది. ఆ రోజు వంటా, అంట్లూ మాస్టారివే.

"రోజంతా నేలమీద పాకాలి. నా మోకాళ్లకు తెలుసు ఆ బాధ," అనేది ఆవిడ.

పీకేయబోయే కుట్లు వేయడమెందుకన్నది మాస్టారి బుర్ర తొలిచే ప్రశ్న.

ఈసారి బొంత ఆషామాషీది కాదు. వాళ్లమ్మాయికి పాప పుట్టింది. శుక్రవారం ఆసుపత్రినుంచి ఇంటికి వస్తున్నారు. అమ్మాయి చిన్నప్పటి పదకొండు గౌన్లు కత్తిరించి, ముక్కకు ముక్క జత చేసి, ఆవిడ మూడు నెలలు కూర్చుని పైగుడ్డ తయారుచేసింది. అది పాడైతే మళ్లీ తెచ్చుకునే దుకాణం లేదు.

బుధవారం పొద్దున్నే ఆవిడ ఆసుపత్రికి బయల్దేరింది.

"రేపు కచ్చా కుట్లు. వంట మీదే, గుర్తుంచుకోండి."

"బంకతో అతికిస్తే పోదూ?"

ఆవిడ చెప్పులో పెట్టబోయిన కాలు ఆగింది. "ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్పాలా? ఊరికే, తెలుసుకుందామని."

"తెలుసుకోకండి," అని ఆవిడ వెళ్లిపోయింది.

తెలుసుకోవద్దంటే మాస్టారికి ఇక కాలు నిలవలేదు. మూడు పొరలూ దుకాణంలో బల్లమీదికి చేరాయి. పసిపాప ఒంటికి తగిలేది కదా అని మైలుతుత్తం మానేశారు. ఆ ముందుచూపుకు తన మీద తనకే ముచ్చటేసింది. పుస్తకానికి కాగితం అతికించినట్టే, వెడల్పాటి బ్రష్షుతో మధ్యనుంచి అంచులదాకా ఎక్కడా ఖాళీ లేకుండా బంక పట్టించారు. దూది తాగుతోంది. తాగనీ పాపం అని ఇంకో కోటు వేశారు.

ఇక్కడితో ఆగితే మామూలు మనిషి. కానీ నలభై ఏళ్లుగా ఆయన చేతిలో బంక తగిలిన వస్తువేదీ పుస్తకాలను అదిమే ప్రెస్సులోకి వెళ్లకుండా బయటికి రాలేదు. బొంతను చక్కగా మడతమీద మడత వేసి, రెండు చెక్కల మధ్య ఇరికించి, మర బిగించారు. ఎండలోకి జరిపి సాయంత్రందాకా చూస్తూ కూర్చున్నారు.

విప్పబోతే మడతలు విడలేదు. వేలితో కొట్టి చూస్తే తలుపు చప్పుడు వచ్చింది. బల్లమీద నిలబెడితే నిలబడింది. మాస్టారికి భయం వేయాల్సిన చోట ముందు ఆశ్చర్యం వేసింది.

అంతలో లైబ్రేరియన్ తన పుస్తకాల కోసం వచ్చాడు.

"ఎంత లావుందండీ. ఎవరిదీ పుస్తకం?"

"మా ఆవిడది."

"ఆవిడ రాస్తారా?"

"కుడుతుంది," అన్నారు మాస్టారు నీరసంగా. ఆ మాట నోటినుంచి వచ్చాకగానీ ఆయనకు భయం వేయలేదు. అందులో పదకొండు గౌన్లున్నాయి. శుక్రవారానికి మధ్య ఒక్క గురువారమే ఉంది.

లైబ్రేరియన్ అటు వెళ్లగానే ఆవిడ ఇటు వచ్చింది. సంచి దించకుండానే బల్లవైపు చూసింది. సూది తీసి గుచ్చింది. సూది విరిగింది. ఆవిడ అరవలేదు. అరిస్తే మాస్టారికి కాస్త ధైర్యంగా ఉండేది.

"మైలుతుత్తం కలిపారా?"

"లేదు. పసిపాపకని..."

"బతికించారు. గంజిలా పలచగా కాచారా, చిక్కగానా?"

"చిక్కగానే."

"అయితే గోరువెచ్చటి నీళ్లలో గంటన్నర నానాలి. టబ్బు తీయండి."

టబ్బు తీశారు. ప్యాంటు మడుచుకుని అందులో నిలబడి తొక్కారు. తొక్కుతూ తొక్కుతూ ఆలోచనలో పడ్డారు.

"నీకింత లెక్క ఎలా తెలుసు?"

ఆవిడ ఇంకో చెంబు నీళ్లు పోసింది. మాస్టారు వేలి మీది పాత బోను మచ్చ వంక చూసుకున్నారు.

"ఆ బంక... నువ్వా?"

"మీరు మైలుతుత్తం కలపకముందే తీసుకునేదాన్ని. జానెడుకో చుక్క, గోరంత. పైన ఇస్త్రీ పెట్టె ఆనిస్తే అతుక్కుంటుంది. కుట్టాక ఉతికితే పోతుంది. అరగంట పని."

"మరి రోజంతా తలుపేసుకుని?"

"పడుకునేదాన్ని."

"మరి మోకాళ్ల నొప్పులు?"

"అవీ నాతోపాటే పడుకునేవి."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నేర్పడానికి వస్తారు. వచ్చి ప్రెస్సులో పెడతారు."

కాదందామంటే మాస్టారు మోకాలిదాకా ఆ సాక్ష్యంలోనే నిలబడి ఉన్నారాయె. ఇంతలో కాలికింద మెత్తగా ఏదో కదిలింది. మడత విడింది. ఆవిడ నీళ్లలో చెయ్యి పెట్టి, పసుపు పువ్వుల గౌను ముక్క పైకి లాగి వెలుగులో చూసింది. రంగు పోలేదు, పోగు చెదరలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుంటే మాస్టారు చూడనట్టు ఇంకా గట్టిగా తొక్కారు.

దూది మాత్రం పనికిరాకుండా పోయింది. కొత్త దూది వేసి, గురువారమంతా ఆవిడ తల ఎత్తకుండా కుట్టింది. మూడు పూటలా వంట మాస్టారిదే. శుక్రవారం పాపను ఆ బొంతలోనే చుట్టి మాస్టారు ఒళ్లో పెట్టుకున్నారు. అమ్మాయి వంగి వాసన చూసింది.

"ఏంటమ్మా, దీంట్లో నాన్న దుకాణం వాసన?"

"మీ నాన్న కూడా ఒక చెయ్యి వేశారులే," అంది ఆవిడ. కాళ్ల సంగతి ఎత్తలేదు.

రెండు నెలల తరువాత మళ్లీ ఒక బొంతకు కచ్చా కుట్ల రోజు వచ్చింది. ఆవిడ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మాస్టారు బంక కాచి చల్లార్చారు. మైలుతుత్తం పొట్లం విప్పబోతూ ఆగి, ముందు ఒక గరిటెడు చిన్న గిన్నెలోకి తీశారు. దాన్ని గది గుమ్మం ముందు పెట్టి, చప్పుడు కాకుండా కూరలు తరగడానికి వెళ్లారు.