కంఠతా వచ్చిన కుతూహలం

ఆ ఉదయం యజ్ఞనారాయణ మాస్టారి ఏర్పాట్లలో లోటేమీ లేదు. బట్టీ చదువులు కట్టిపెట్టి పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలని గోదావరిఖనిలోని ఆ ప్రైవేటు బడి యాజమాన్యం హుకుం జారీ చేసింది. పాఠం చూడటానికి యాజమాన్యం తరఫున కమలకుమారి మేడమ్ వస్తోంది. ఆమె మెచ్చితే ఖాళీగా ఉన్న హెడ్మాస్టరు కుర్చీ ఆయనదే. అందుకని మాస్టారు ఏడో తరగతి పిల్లల చేత ప్రశ్నలన్నీ వరుసగా బట్టీ పట్టించాడు. జవాబులు తానూ అదే వరుసలో బట్టీ పట్టాడు. హడావుడిలో హాజరు తీయడం మాత్రం మరిచాడు.

మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. మొదటి ప్రశ్న నల్లేరు మీద బండిలా నడిచింది. తర్వాత రుత్విక్ లేచాడు.

"సార్, బొగ్గు ఎట్ల తయారైతది?"

"ఒంటికి చెమట పట్టడం వల్ల," అన్నాడు మాస్టారు టకీమని.

"అవు సార్, గనిల దిగే మా బాపు గూడ గట్లనే అంటడు!"

మాస్టారు బెంచీలన్నీ కలియజూశాడు. చెమట జవాబు రెండో ప్రశ్నది. ఆ ప్రశ్న సహస్రది కదా, ఏదీ ఆ పిల్ల?

"సహస్ర రాలే సార్. ఫికర్ చెయ్యకుండ్రి, ఆమెకు బదిలీ నేను దిగుత," అన్నాడు రుత్విక్. గనిలో ఒకరు రాకపోతే ఆ పనిలోకి ఇంకొకరు దిగడం ఆ పిల్లలకు ఓనమాలకన్నా ముందే తెలుసు.

"నీ డ్యూటీ అయిపోయింది గదరా! బదిలీ నాది!" సంతోషి లేచింది.

"ప్రశ్నలకు డ్యూటీలేమిటండీ మాస్టారూ?" అంది మేడమ్. తర్వాత పిల్లలవైపు తిరిగింది. "నేర్పినవి వదిలేయండి. మీకు తోచింది అడగండి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి నిలబడే ఉన్న సంతోషి నోరు విప్పింది. "సార్, యార్డుల బొగ్గు కుప్ప ఎవ్వలు అంటువెట్టకున్నా పొగ ఎందుకు వస్తది?"

"బెంచీ ఎక్కు!"

అరిచాక గానీ అరిచింది తానేనని మాస్టారికి తెలియలేదు. తన చిన్ననాటి మాస్టారి గొంతు అది. అప్పుడు బెంచీ ఎక్కింది తను. ఆ గొంతులో ఉన్నది కోపం కాదనీ, జవాబు తెలియని భయమనీ ఇన్నేళ్లకు అందింది. సంతోషి బెంచీ ఎక్కింది. మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. కుర్చీ సంగతి తేలిపోయింది. అయినా సిగ్గుతో ఆయన చెవులు మండుతున్నది మాత్రం కుర్చీ కోసం కాదు.

"దిగమ్మా," అన్నాడు తలెత్తకుండా. "దానికి జవాబు నాకు తెలీదు."

సార్ ఏం చెప్పినా అదే అనే అలవాటు తప్పని తరగతి ఒక్క గొంతుతో అరిచింది: "అర్థమైంది సార్!"

ఆయన క్లాసులో ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.