లోపలి దాకా కడగండి!

మురుగు కాల్వల విషయంలో మా మావయ్య అంతటి అధికారి భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు! పుట్టాలన్నా ముందు ఆయన సంతకం కావాలి.

అంతటి మనిషి కుడి బుగ్గ బంతిలా ఉబ్బింది. మర్నాడు పై అధికారి తనిఖీ. స్వాగతోపన్యాసం మావయ్యది. అది నచ్చితే ప్రమోషన్. తీరా "స్వాగతం" అనబోతే "ఫ్వాగతం" అని వస్తోంది! పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తోడు వెళ్ళే భాగ్యం నాకు దక్కింది.

ఆవిడ ఎక్స్‌రే చూసి, "ఈ పంటికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిందెవరండీ?" అంది.

"మా ఆఫీసు పక్కనే ఉన్నాయన. చిటికెలో తేల్చేశాడు. ఎంత తళతళలాడుతోందో చూశారా!"

"పైకి బాగానే ఉంది. లోపల వేరు సరిగ్గా కడగలేదు. సూక్ష్మజీవులన్నీ వేరు గోడకి జిగురు పొరలా అంటుకుని కాపురం పెట్టేశాయి."

"మాత్రలు మింగుతూనే ఉన్నానే!"

"ఆ పొరని మాత్రలు ఏమీ చెయ్యలేవండీ. క్యాప్ తీసి, సూదుల్లాంటి సన్నటి ఫైళ్ళతో గీకి, మందు నీళ్ళతో కడిగి, లోపల మందు పెట్టాలి. మళ్ళీ వచ్చినప్పుడు చూసి మూస్తా."

ఫైళ్ళు అనగానే మావయ్య బెదిరిపోయాడు. ఫైలు కదలడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు!

డాక్టరమ్మ మత్తు సూది ఇచ్చి క్యాప్ ఊడదీసింది. ఆ వాసనకు నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కిటికీ కిందే పలకలు కప్పిన మురుగు కాల్వ. వెంటనే మావయ్య నోటి దగ్గరికి తిరిగొచ్చేశాను.

చీము కారి సలుపు తగ్గగానే మావయ్యలో మహానుభావుడు నిద్ర లేచాడు.

"డాక్టర్ గారూ, పైన మూతేసి చేతులు దులుపుకునేవాళ్ళంటే నాకు అసహ్యం! ఒక్క పురుగు మిగలకూడదు. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తా. లోపలి దాకా కడగండి!"

ఇంతలో నా దగ్గరున్న ఆయన ఫోన్ మోగింది. నా వేలు పొరపాటున స్పీకర్ మీద పడింది. నా వేళ్ళకు ఇలాంటి పొరపాట్లు అలవాటే.

"సార్, పళ్ళాసుపత్రి వీధి కాల్వ పూడిపోయింది సార్. పలకలు లేపి పూడిక తీయించమంటారా?"

"బుద్ధుందా నీకు? రేపు తనిఖీ పెట్టుకుని ఇవాళ లోపల కెలుకుతావా! పలకల మీద తెల్లరంగు కొట్టించి ఊరుకో!"

డాక్టరమ్మ తన చేతిలో ఫైలు ట్రేలో పెట్టి, ఊడదీసిన క్యాప్ అందుకుంది.

"నోరు తెరవండి సార్. మీ పద్ధతే సులువుగా ఉంది. దీన్నే తుడిచి మళ్ళీ అంటించేస్తా."

మావయ్య రెండు చేతులతో నోరు మూసేసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి కేక మాత్రం వీధి దాకా వినిపించింది.

"అది ఊళ్ళో వాళ్ళ కాల్వండీ! ఇది నా పన్ను!"