కంపెనీ ఇంట పొయ్యి వెలగలేదు

ఆ రోజు సాలమోను పెట్టుకున్న పని ఒక్కటే: ఏమీ జరగకుండా చూడటం. మనిషి చేయగల పనులన్నిటిలోకీ అదే కష్టమని అతనికి ఆ ఉదయం ఇంకా తెలియదు.

రాజోలు దగ్గర మొగలిలంకలో చమురు కంపెనీ వారి స్టేషను ఉంది. దాని నడుమ ఎత్తైన గొట్టం, గొట్టం కొసన మంట. చమురుతో పాటు పైకి వచ్చే గ్యాసును వాడుకునే దారి లేక, కంపెనీ దాన్ని ఆరేళ్ళుగా రాత్రనక పగలనక గాలిలో తగలబెడుతోంది. ఎనభై ఆరో సంవత్సరంలో, ఇక గాలినీ నీటినీ పాడుచేయడం తగ్గించాలని పై ఆఫీసు వారికి బుద్ధి పుట్టింది. ఆ ఊరివాడే అయిన ఇంజనీరు సాలమోను ఒక ఉపాయం చెప్పాడు. పక్కనున్న పెంకుల ఫ్యాక్టరీ బట్టీకి ఆ గ్యాసును పంపితే ఇక్కడ మంట అక్కర్లేదు, అక్కడ కట్టెలూ అక్కర్లేదు. అనుమతులు వచ్చి గొట్టాలు వేయడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇవాళ పరీక్ష. తెల్లవారగానే ఆర్పిన మంట పొద్దుగూకే దాకా మళ్ళీ వెలగకపోతే ఉపాయం నెగ్గినట్టు. మధ్యలో ఏ కారణం చేతనైనా వెలిగిస్తే పథకం అటకెక్కుతుంది, సాలమోను బదిలీ మీద అస్సాం వెళతాడు.

"అస్సామెళ్తే నా ఉద్యోగం ఏమవుద్దండీ?" అంది భార్య రూతు, కంపెనీ కాలనీలోని వాళ్ళింట్లో అతనికి అట్టు వడ్డిస్తూ. రాజోలు బళ్ళో ఆమెకు టీచరు పని వచ్చి ఇంకా నెల తిరగలేదు.

"ఎందుకెళ్తాం? ఏమీ జరగదు. ఎవరికీ చెప్పకు, అంతే. నెగ్గేదాకా నోరు విప్పొద్దన్నారు మేనేజరు గారు."

"మీ మేనత్త గారిక్కూడానా?"

"ముందు ఆవిడికే చెప్పకు."

సాలమోను మేనత్త పాపాయమ్మ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు దేవుడి పేర విడిగా ఉంచడం, దాన్ని సమాజం గదిలో పోగుచేయడం ఊళ్ళోని వాళ్ళ పేటలో తాతల నాటి ఆచారం. ఆ బియ్యం ఎవరికి చేరాలో తేల్చేది పాపాయమ్మ. అందుకు ఆమెకొక పద్ధతి ఉంది. పొద్దున్నే కాలువ గట్టు మీద నిలబడి ఇళ్ళ కప్పులు చూస్తుంది. ఏ కప్పు మీద పొగ లేవలేదో, మధ్యాహ్నంలోగా ఆ ఇంటికి అన్నం వెళుతుంది. ఏమైందని మాత్రం అడగదు. "అడిగి పెట్టేది ధర్మం, అడక్కుండా పెట్టేది అన్నం" అంటుంది. ఆకలిని ప్రశ్నించకూడదన్న ఈ నియమంలో గొప్ప దయ ఉంది. నిజం తెలుసుకునే వీలు మాత్రం లేదు.

ఆ ఉదయం పొగలన్నీ సవ్యంగానే లేచాయి. పాపాయమ్మ తృప్తిగా వెనుదిరగబోయి ఆగింది. కొబ్బరితోటల పైన ఆకాశంలో ఏదో తగ్గింది. ఎప్పుడూ ఉండేదాన్ని మనిషి చూడడు. అది లేని రోజున కళ్ళు వెతుక్కుంటాయి.

"అయ్యబాబోయ్, కంపెనీ వారి పొయ్యి ఆరిపోయింది!"

ఆమె నేరుగా స్టేషను గేటుకు ఎదురుగా ఉన్న గంగరాజు టీ కొట్టుకు వెళ్ళింది.

"ఏం గంగరాజూ, లోపలేదన్నా తేడాగా ఉందా?"

"ఉందండీ, ఆయ్. జీపులు బయటికి తియ్యట్లేదండి. ఆఫీసరు గార్లందరూ సైకిళ్ళ మీదొచ్చేరు. లైట్లు ఆర్పేసుకుని కిటికీల కాడ కూచుని రాసుకుంటన్నారు. కేంటీన్లో కట్టెల పొయ్యి నిన్ననే పడగొట్టేసేరండి."

"పొయ్యి పడగొట్టుకున్నారా! ఎంత కష్టమొచ్చిందో పాపం."

డీజిలు తగ్గించాలని సైకిళ్ళు, కరెంటు తగ్గించాలని కిటికీలు, పొగ తగ్గించాలని కేంటీనుకు గ్యాసు పొయ్యి. అన్నీ పై ఆఫీసు ఆజ్ఞలే. కాని పొదుపునూ లేమినీ వీధిలో నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా కడుపుకు తెలుస్తుంది, కంటికి తెలియదు.

అదే సమయానికి మేనేజరు మాణిక్యాలరావు గారు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. చదువుకునే రోజుల తర్వాత మళ్ళీ ఇవాళే సైకిలెక్కి, మలుపు దగ్గర కాలువలో పడ్డారు. మోకాళ్ళ దాకా బురద. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని తల దించుకుని గబగబా గేటులోకి వెళ్ళిపోయారు.

"మొహం చూపించలేకపోతన్నారు" అంది పాపాయమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుని.

తర్వాత హైదరాబాదు నుంచి డైరెక్టరు గారు వచ్చారు. డీజిలు తగ్గించమని అందరికీ చెప్పి తాను కారులో దిగడం బాగుండదని, ఆయన రాజోలు బస్సు దిగి, సంచీ తానే మోసుకుంటూ లోపలికి వెళ్ళారు. కాసేపటికి అదే మనిషి బయటికి వచ్చారు. కేంటీనులో కొత్త పొయ్యికి గొట్టం అమరక వంట మొదలుకాలేదు.

"బాబూ, తినడానికేమన్నా ఉందా?" అని గంగరాజును అడిగారు.

గంగరాజు దగ్గర చక్కెరకేళీలు తప్ప మరేమీ లేవు. ఆయన నిలబడే రెండు తిని లోపలికి వెళ్ళారు. గంగరాజు కొట్టు వదిలేసి స్త్రీల సమాజం దాకా పరిగెత్తాడు.

"డైరెక్టరు గారు, పాపాయమ్మ గారూ! రెండు అరటిపళ్ళతో కడుపు నింపుకున్నారండి. నా కళ్ళారా చూసేను!"

ఇక సందేహానికి తావు లేదు. పాపాయమ్మ సమాజం గది తలుపులు తెరిపించింది. పిడికెడు బియ్యం మొత్తం దించింది. పేట అవతలి వీధిలోని వీరాయమ్మ, "పొయ్యారిన ఇంటికి మేము మాత్రం పెట్టమా?" అంటూ గుమ్మడికాయ పులుసుతో వచ్చి కలిసింది. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, చేపల పులుసు తయారయ్యాయి. తమ ఇంటి కొత్తకోడలికి పుట్టింటి నుంచి వచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కూడా ఎవరో తెచ్చారు. మధ్యాహ్నానికి ఊరి ఆడవాళ్ళందరూ అరిటాకులు కప్పిన గిన్నెలూ బిందెలూ నెత్తిన పెట్టుకుని గేటు వైపు కదిలారు.

మేడ మీద కిటికీలోంచి మాణిక్యాలరావు గారికి ఆ దృశ్యం కనిపించింది. ఆయన ఉద్యోగ జీవితంలో ఆడవాళ్ళు బిందెలతో ఆఫీసుకు రావడానికి ఒకే అర్థం ఉంది.

"ఖాళీ బిందెల ధర్నా! చూడవయ్యా సాలమోనూ, మంట ఆర్పేసేమని మీదికొచ్చేస్తున్నారు. ఆ వెలుతురుకి అలవాటు పడిపోయేరు. వెలిగించెయ్యమను!"

"సార్, వెలిగిస్తే పథకం పోతుందండీ!"

"పథకం పోతే పోయింది, కిటికీ అద్దాలు మిగుల్తాయి."

"నన్నొక్కసారి వెళ్ళి మాట్లాడనివ్వండి సార్. నాలుగేళ్ళ కష్టమండీ."

మాణిక్యాలరావు గారు మెడలోని ఈల చేతికి తీసుకున్నారు. అది ఊదితే మీట దగ్గరున్న మనిషి మంట వెలిగిస్తాడు.

"వెళ్ళు. గేటు దగ్గర ఒక్క కేక వినబడిందా, ఊదేస్తాను."

సాలమోను మెట్లు దూకి గేటు దగ్గరికి పరిగెత్తాడు. ఎదురుగా మేనత్త. పాపాయమ్మ గొంతు ఏటి అవతలి రేవులోని పడవను పిలిచే గొంతు.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, గట్టిగా మాట్లాడకు" అన్నాడు గుసగుసగా. "కేక వినబడిందంటే నా బతుకు అస్సాం పాలు."

పాపాయమ్మకు అస్సాం సంగతి అర్థం కాలేదు, అభిమానం సంగతి అర్థమైంది. ఆమె వెనక్కి తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది.

"సిగ్గుపడతన్నారు. చప్పుడు చెయ్యకండే" అంది, తనకు చేతనైనంత మెల్లగా.

ఊరు ఊరంతా మునివేళ్ళ మీద గేటు దాటింది. గరిటెలు మోగకుండా కొంగులతో పట్టుకున్నారు. అంత నిశ్శబ్దమైన ధర్నాను మాణిక్యాలరావు గారు ఎన్నడూ చూడలేదు. ఆయన భయం రెట్టింపై ఈల పెదవుల మధ్యకు వెళ్ళింది.

గుంపును చూసి డైరెక్టరు గారే మెట్ల దగ్గరికి వచ్చారు. పాపాయమ్మ ఏమీ అడగలేదు. అరుగు మీద ఆకు వేసి, నీళ్ళు చిలకరించి, అన్నం పెట్టింది.

"కూచోండి బాబూ. కష్టాలు అందరికీ వస్తాయి. మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని పస్తు ఉంచం."

డైరెక్టరు గారు ఆకును చూశారు, చేపల పులుసును చూశారు, సాలమోనును చూశారు. ఆకలి ముందు పుట్టింది, ప్రశ్న తర్వాత పుట్టింది. ఆయన కూర్చుని రెండు ముద్దలు తిన్నాక అడిగారు.

"మాకేం కష్టం వచ్చిందమ్మా?"

"పొయ్యారిపోయింది కదండీ!" అంది పాపాయమ్మ, గొట్టం కొస చూపిస్తూ.

సాలమోనుకు అంతా ఒక్కసారిగా తెలిసింది. నవ్వాలో ఏడవాలో తేలక మెల్లగా చెప్పాడు.

"అది పొయ్యి కాదత్తా. ఆ గ్యాసును ఇవాళ్టి నుంచి పెంకుల బట్టీకి పంపుతున్నాం. ఇన్నాళ్ళూ ఉత్తినే గాల్లో తగలెట్టేం."

"దాని మీద ఏదీ వండలేదా?"

"లేదు."

"ఆరేళ్ళ నుంచా?"

"ఆరేళ్ళ నుంచే."

"కనీసం నీళ్ళన్నా కాచుకోలేదా?"

"లేదత్తా."

పాపాయమ్మ గుండెల నిండా గాలి పీల్చింది. సాలమోను చెయ్యెత్తి వారించేలోగా ఆ గొంతు ఏరు దాటింది.

"ఉత్తి పొయ్యి మండించకూడదని మీ అమ్మ చెప్పలేదట్రా నీకు!"

మేడ మీద ఈల మోగింది. మీట దగ్గర మనిషి కదిలాడు. సాలమోను కళ్ళు మూసుకున్నాడు.

"ఆగవయ్యా!"

డైరెక్టరు గారు పులుసన్నం అంటుకున్న చెయ్యి పైకెత్తి లేచి నిలబడ్డారు. మీట దగ్గర మనిషి ఉన్నచోటనే ఆగిపోయాడు. కిటికీలోంచి మాణిక్యాలరావు గారు తల బయటపెట్టారు.

"సార్, జనం గొడవ చేస్తున్నారు! మంట కావాలంటున్నారు!"

"కావాలని ఎవరన్నారండీ?" పాపాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంకోసారి ఆ ఉత్తి మంట కనబడిందో, ఇవే బిందెలు ఖాళీగా పట్టుకొచ్చి మీ గేటు కాడ కూచుంటాం. ఆయ్!"

ఆడవాళ్ళందరూ ఆయ్ అన్నారు.

డైరెక్టరు గారు మళ్ళీ ఆకు ముందు కూర్చున్నారు. "ఈ ఒక్క ముక్క తేల్చడానికి మేము ఏళ్ళ తరబడి మీటింగులు పెట్టేమమ్మా" అని, పనసపొట్టు కూర ఇంకాస్త వేయించుకున్నారు. "సాలమోనూ, పొద్దుగూకేదాకా చూడక్కర్లేదు. మంట ఇక వెలగదు. మేనేజరు గారిని కిందికి రమ్మను, పప్పు చల్లారిపోతోంది."

సాయంత్రం సాలమోను ఇంటికి రెండు కేరియర్లతో వచ్చాడు. గుమ్మంలోనే రూతు ఎదురైంది.

"అస్సామా?"

"కాదు, రాజోలే. పొయ్యి వెలిగించకు. కంపెనీ అన్నం మిగిలింది."

మిగిలింది కొంచెం కాదు; కాలనీలో ఇంటింటికీ పంచారు. ఆ రాత్రి ఎవరూ వండుకోలేదు. మిగిలినదానికి నీళ్ళు పోసి ఉంచి, మర్నాడు పొద్దున అందరూ చద్దన్నమే తిన్నారు. కాలనీలో ఒక్క కప్పు మీదా పొగ లేవలేదు.

కాలువ గట్టు మీద నిలబడి పాపాయమ్మ అది చూసింది. ఎప్పటిలాగే, ఏమైందని అడగలేదు.