గడియ లేని తలుపుకు కృతజ్ఞతలు

మా కార్యాలయంలో పదకొండు నెలల పాటు ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. ఫిర్యాదుల పుస్తకమే తీసేస్తే ఫిర్యాదులెలా వస్తాయని కొందరు గొణిగిన మాట నిజమే. అలా గొణిగేవాళ్ళు ఇంకా ఎదగని మనుషులని మా మేనేజరు గారు ఎప్పుడో తేల్చేశారు. మేం మాత్రం ఎదిగాం. ఎంత ఎదిగామో నెలనెలా పై ఆఫీసుకు రాసి పంపింది నేనే కాబట్టి నా మాట నమ్మవచ్చు.

మాది తూనికలు సరిచూసే ఆఫీసు. కొట్లలో వాడే తూకపు రాళ్ళు మా దగ్గరికి వస్తాయి. మేం తూచి, సరిగ్గా ఉంటే ముద్ర వేసి పంపుతాం. ఇరవై ముగ్గురు మగవాళ్ళం, నలుగురు ఆడవాళ్ళు. నేను హెడ్ క్లర్కును. మగవాళ్ళ బాత్‌రూం తలుపుకు లోపల రెండు గడియలున్నాయి, పైనొకటి, కిందొకటి. ఆడవాళ్ళ బాత్‌రూం వరండా చివర, స్టోరు గది పక్కన ఉంది. దానికున్న ఒక్క గడియా నాలుగేళ్ళ క్రితం ఊడిపోయింది. అప్పటినుంచి ఒకావిడ లోపలికి వెళితే ఇంకొకావిడ బయట తలుపు పట్టుకుని నిలబడుతుంది. ఈ ఏర్పాటు వల్ల మహిళా సిబ్బందిలో ఐకమత్యం పెంపొందినదని ఒక నివేదికలో నేనే రాశాను.

ఆ ఐకమత్యంతో తృప్తిపడని మనిషి ఒక్కతే, టపా చూసే ఆవిడ. ఆఫీసంతా ఆవిణ్ణి టపా అక్క అంటుంది. నాకన్నా చిన్నది కాబట్టి నేను అమ్మా అంటాను, ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది. గడియ కోసం ఆవిడ ఫిర్యాదుల పుస్తకంలో పదిహేడు సార్లు రాసింది. మొదటిది పేజీన్నర ఉంటుంది. పదిహేడోది “గడియ. దయచేసి.” అంతే. ప్రతి దాని కిందా “చూడబడినది” అని సంతకాలున్నాయి, అందులో నావి పదకొండు. చూసి చూసి ఆవిడ తన దారి తను చూసుకుంది, ఆఫీసులో నీళ్ళు తాగడం మానేసింది. ఏడాది తిరిగేసరికి మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో పడుకుంది. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగి తీరాలని, ఇంకోసారి ఇలా వస్తే మూత్రపిండం దక్కదని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని ఆవిడ తన బల్ల ముందు గోడకు, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా అంటించింది. అందరం చూశాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేనేజరు గారు రెండు రోజుల శిక్షణకు వెళ్ళి కొత్త మనిషై తిరిగొచ్చారు. పాత కోపం అలాగే ఉంది, దాని మీదికి చిరునవ్వొకటి వచ్చి చేరింది. వచ్చీ రాగానే అందరినీ హాల్లో నిలబెట్టి ప్రసంగించారు.

“లేనిదాని కోసం ఏడ్చేవాడు ఏనాటికీ ఎదగడు! ఉన్నదానికి కృతజ్ఞత చెప్పండి. కుర్చీ ఉంది, చెప్పండి. ఫ్యానుంది, చెప్పండి. నేనున్నాను, మొహమాటపడకుండా చెప్పండి! ఈ క్షణం నుంచి ఈ ఆఫీసులో ఫిర్యాదుల పుస్తకం లేదు. కృతజ్ఞతల పుస్తకమే ఉంది!”

కొత్త పుస్తకానికి మంజూరు కావాలి, మంజూరుకు మూడు నెలలు కావాలి. పాత దాంట్లో ఇంకా సగానికి పైగా ఖాళీ పేజీలున్నాయి. అంచేత అట్ట మీద “కృతజ్ఞతల పుస్తకం” అని చీటీ అంటించాను. నెలాఖరుకు ఎవరెన్ని రాశారో పంపమన్నారు, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి రాసి పంపాను. మధ్యలోంచి మొదలుపెట్టమని నాకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఆ విధంగా మా సిబ్బందిలో అత్యధికంగా పదిహేడు సార్లు కృతజ్ఞత వ్యక్తం చేసినది టపా అక్క అని పై ఆఫీసులో నమోదైంది.

రెండో నెలలో నమ్మకాల పరీక్ష జరిగింది. పై ఆఫీసు ఒక శిక్షకుణ్ణి పంపింది. గొంతు ఎంత మెత్తనంటే ఆయన తిట్టినా మనకు నిద్రొస్తుంది. ఎవరిని ఏ నమ్మకం బాధపెడుతోందో లేచి చెబితే, ఆయన దాన్ని పరీక్షించి ఊడబెరుకుతాడు. స్టోరు గుమాస్తా తాను తెలివితక్కువవాణ్ణన్న నమ్మకంతో బాధపడుతున్నట్టు చెప్పి పది నిమిషాల్లో దాన్ని వదిలించుకున్నాడు. తర్వాత టపా అక్క లేచింది.

“తలుపుకి గడియ ఉండాలని నా నమ్మకమండీ.”

“మంచిదమ్మా. ఈ నమ్మకం మీకెవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదండీ. మా ఇంట్లో తలుపుకి ఉంది.”

“చూశారా, చిన్నప్పుడు పడిన ముద్ర! గడియ లేకపోతే ఏమవుతుందని మీ భయం?”

“ఎవరైనా వచ్చేస్తారని.”

“ఆ వచ్చేవాడు ఎక్కడున్నాడు? కళ్ళు మూసుకుని చూడండి. బయటున్నాడా, మీ మనసులో ఉన్నాడా?”

“బయటేనండీ. అదుగో, మూడో వరసలో కూర్చున్నాడు. పోయిన మంగళవారం టైపిస్టు సెలవు పెట్టింది, మిగతా ఇద్దరూ పనిలో ఉన్నారు, తలుపు పట్టుకునేవాళ్ళు లేరు. స్టోరు గది అనుకుని తోసుకొచ్చేశాడు.”

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. టపా అక్క నవ్వలేదు, టైపిస్టు నవ్వలేదు. స్టోరు గుమాస్తా మాత్రం తన నమ్మకం వదిలిపోయిన ధైర్యంతో నిబ్బరంగా కూర్చున్నాడు. ఈ నమ్మకం బాగా లోతుగా పాతుకుపోయిందని, ఆవిడ ఇంకా సాధన చేయాలని శిక్షకుడు సెలవిచ్చాడు. “పరీక్షించబడినది” అని నేను రాసుకున్నాను.

నాలుగో నెల నుంచి ముఖ్యమైనవాటి మీదే దృష్టి పెట్టాం. ఏవి ముఖ్యమో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోమని శిక్షకుడు చెప్పి వెళ్ళాడు గానీ, ఇంతమంది ఇన్ని రకాలుగా ఆలోచిస్తే దస్త్రం పెరుగుతుందని మేనేజరు గారే అందరి తరఫునా శ్రమపడి ఆలోచించారు. చిరునవ్వు, ప్రశాంతత, సీట్లో ఉండడం అని హాలు గోడకు పెద్ద అక్షరాలతో రాయించారు. ఒకరి పనికి ఇద్దరు సీట్లోంచి లేవడం మూడోదానికి విరుద్ధం కనుక, తలుపు పట్టుకోవడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది. దాన్ని టైపు చేసింది టైపిస్టే. ఒక్క తప్పు కూడా లేకుండా చేసింది.

మర్నాడు టపా అక్క నా బల్ల దగ్గరికొచ్చి నీళ్ళ సీసా పెట్టింది. నిండుగా, మూత కూడా తీయకుండా ఉంది.

“అన్నయ్యగారూ, ఇది పొద్దున ఇంటి నుంచి తెచ్చింది. సాయంత్రం ఇలాగే పట్టుకుపోతున్నాను. నడుం దగ్గర మళ్ళీ నొప్పి మొదలైంది. మీరైనా సార్‌తో ఒక్క మాట చెప్పకూడదా?”

“చూద్దాంలేమ్మా. సీసా ఉంది, అందులో నీళ్ళున్నాయి. ముందు అది తలుచుకో,” అన్నాను. అప్పటికి నేను బాగా ఎదిగి ఉన్నాను. ఆవిడ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ నెల ఆవిడ కృతజ్ఞతల గడి ఖాళీగా ఉంటే బాగుండదని నేనే ఒకటి నింపాను.

పదకొండో నెలలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. పదిహేడు కృతజ్ఞతల రికార్డును ఏ ఆఫీసూ అందుకోలేకపోయిందట. టపా అక్కకు “ఎదిగిన మనిషి” జ్ఞాపిక ఇవ్వడానికి డైరెక్టరమ్మగారు స్వయంగా వస్తున్నారట. గోడలకు సున్నం వేయించాం, మెట్లు కడిగించాం, చిరునవ్వు రెండు రోజులు రిహార్సల్ చేశాం. డైరెక్టరమ్మగారు నాలుగు గంటలు కారులో ప్రయాణం చేసి వచ్చి, దండ కూడా వేయించుకోకుండా, “బాత్‌రూం ఎటు?” అని అడిగారు.

లోపలికి వెళ్ళిన ఆవిడ మరుక్షణం బయటికొచ్చారు.

“గడియేదండీ?”

మేనేజరు గారు చేతులు కట్టుకుని, “మేం లేనిదాని మీద దృష్టి పెట్టమండీ మేడం,” అన్నారు.

“నేను పెడతాను. మా డ్రైవర్ని పిలవండి.”

డ్రైవరు కారులోంచి స్క్రూడ్రైవరు తెచ్చాడు. గడియ ఎక్కడిదని అడిగితే, మగవాళ్ళ తలుపుకు రెండున్నాయని టైపిస్టు చెప్పింది. కింది దాన్ని ఊడదీసి ఇక్కడ బిగించాడు. నాలుగు స్క్రూలు, ఆరు నిమిషాలు. అంతసేపూ మేమందరం వరండాలో వరసగా ప్రశాంతంగా నిలబడ్డాం.

సభలో మేనేజరు గారి గొంతు గద్గదమైంది. “మూడేళ్ళు గడియ కావాలని అడిగినన్నాళ్ళు గడియ రాలేదు! పదకొండు నెలలు అడగడం మానేశాం, గడియ నడుచుకుంటూ వచ్చింది! కృతజ్ఞత మహిమ ఇది!” అన్నారు. చప్పట్లు మోగాయి. డైరెక్టరమ్మగారు జ్ఞాపిక అందించి, రెండు ముక్కలు మాట్లాడమని టపా అక్కకు మైకు ఇచ్చారు. ఆవిడ మైకు బల్ల మీద పెట్టి, వేదిక మీద అతిథుల కోసం ఉంచిన నీళ్ళ గ్లాసు తీసుకుని గుక్క తిప్పుకోకుండా తాగింది. జగ్గు వంచి ఇంకో గ్లాసు నింపుకుని అదీ తాగింది. తర్వాత మూడోది. గ్లాసు బోర్లించి, కొంగుతో మూతి తుడుచుకుని దిగి వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెప్పాలి కదా, చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు మర్నాటి ఉదయం దాకా ఉంది.

మర్నాడు పదిన్నరకు మగవాళ్ళ తలుపుకు కింది గడియ లేదన్న సంగతి ఆఫీసంతా పాకింది. పై గడియ ఉంది, తలుపు బిర్రుగానే పడుతుంది. అయినా రెండుండాల్సిన చోట ఒకటి ఉండడమేమిటని మావాళ్ళకు కడుపు మండిపోయింది. కృతజ్ఞతల చీటీ పీకేస్తే కింద “ఫిర్యాదుల పుస్తకం” అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఇరవై మూడు ఫిర్యాదులు పడ్డాయి. ఆఖరిది మేనేజరు గారిది, మొదటిది నాది. మూడు గంటలకల్లా తళతళలాడే కొత్త గడియ వచ్చింది, మంజూరు మాట ఎవరూ ఎత్తలేదు. బిగించే మనిషి ఆవేళ దొరకలేదు. రేపటిదాకా ఆగడమెందుకని నేనే ఇంటికి వెళ్ళి నా స్క్రూడ్రైవరు తెచ్చి బిగించాను. మా ఇల్లు ఆఫీసుకు ఎదురుగానే. ఆ స్క్రూడ్రైవరు కొని తొమ్మిదేళ్ళయింది.